పెట్టె మూతలో కమల

రోజారాణికి పాత పత్రికల పిచ్చి. ఖానాపురం హవేలి ఊళ్లోని ఆమె ఇంట్లో బీరువాలన్నీ వాటికే, బట్టలు మాత్రం మంచం కింద. నూరేళ్లు దాటిన ఓ స్త్రీల మాసపత్రికలో వచ్చిన సీరియల్ ఆమెను నాలుగేళ్లుగా కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కథలో చదువుకోవాలని ఇల్లు విడిచిన కమల గోదావరి రేవులో నిలబడి ఉంది. ఆఖరి భాగమున్న సంచిక ఎక్కడా దొరకలేదు.

పాత సామాన్లు కొనే జానీ ఒకరోజు చండ్రుగొండ నుంచి ఫొటో పంపాడు. ఆదెమ్మ అనే ముసలామె చెక్కపెట్టె మూతకు లోపల అతికించిన కాగితం, అందులో కమల పేరు. ఇంకేముంది, రోజారాణి ఆఫీసుకు జ్వరమని చెప్పి స్కూటీ తీసింది.

పెట్టె ముందు కూలబడి గబగబా చదివింది. పడవ వచ్చింది. కమల ఒక కాలు పెట్టింది. వెనక నుంచి తండ్రి పిలిచాడు. అక్కడితో పేజీ అయిపోయింది. మిగతాది చెక్కకు అతుక్కున్న వైపు ఉంటుంది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"మా నాయిన చింతగింజల జిగురుతోని అంటిచ్చిండు బిడ్డా" అంది ఆదెమ్మ. "దీన్ని చూసే నేను అక్షరాలు నేర్సుకున్న. ఇప్పుడు కండ్లు కనవడయి గని, అంతా నోటికొస్తది."

"తీస్తే చినిగిపోతదేమో అవ్వా."

"చినగనీ. ఆ పిల్ల పడవెక్కిందా లేదా, నాకూ తెల్వాలె గద."

ఆదెమ్మే వేడినీళ్లు తెచ్చి తడిగుడ్డ పరిచింది. జిగురు నానేదాకా రోజారాణి గుమ్మానికీ పెట్టెకూ మధ్య తిరుగుతూనే ఉంది. చివరికి కాగితం నాలుగు ముక్కలై ఊడివచ్చింది. వాటిని తిప్పి చూసింది. పేజీ నిండా తలనూనె ప్రకటన. కథ ఆ తరువాతి కాగితంలో ముగిసి ఉంటుంది. ఆ కాలపు పత్రికల్లో ఇది మామూలే, ఇన్నేళ్ల అనుభవముండీ ఆమెకు తట్టలేదు.

"చదువు బిడ్డా" అంది ఆదెమ్మ, పెట్టె అంచు పట్టుకొని.

నకిలీ కాగితమంటేనే మండిపడే రోజారాణి నూనె సీసా బొమ్మను చూస్తూ, చదువుతున్నట్టే చెప్పింది. "తండ్రి కన్నీరు చూచి కమల మనసు కరిగెను. పడవ దిగి ఇంటికి మరలెను." అప్పటి కథలు ఎక్కువగా అలాగే ముగిసేవి.

ఆదెమ్మ పెట్టె అంచు వదిలేసింది.

"అబద్దం" అంది. "రాసినోళ్లకేం తెల్సు. కాలు పెట్టినంక ఆ పిల్ల దిగదు."

రోజారాణికి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"ఆగవ్వా, ఇంకా ఉంది" అంటూ మళ్లీ ఆ ముక్కల మీదికి వంగింది.