గాలివాన ఒకత్తికి, మనిషి ఒకత్తికి

"తాళమేసినోడెవడ్రా? బయటికి రండ్రా! మనుషులు తలదాచుకోడానికి కట్టిన మేడలో రొయ్యల మేత దాస్తారా? నీళ్ళలో బతికే రొయ్యకి మేత తడవకూడదు, నేల మీద బతికే మా పిల్లగుంటలు మాత్రం మునిగిపోవచ్చునేటి? సర్పంచీ! ఓ సర్పంచీ! రొయ్యల షావుకారు పక్కలో దూరిపోనావేటి, బయటికి రా!"

కాసులమ్మ అరుస్తోంది. అరుపు పెదవి దాటీ దాటకముందే గాలి దాన్ని లాక్కుపోయి సముద్రంలో పారేస్తోంది, అయినా అరుస్తోంది, ఎందుకంటే ఈ కలలో ఆమెకు చేతనయ్యే పని అదొక్కటే. తుఫాను మేడ తన సిమెంటు కాళ్ళ మీద పీతలాగా పక్కకీ పక్కకీ నడిచిపోతోంది, ఆమె మెట్టు మీద కాలు వేయబోతే మెట్టు జరిగిపోతోంది, తలుపు మీది తాళం చూస్తూ ఉండగానే గుమ్మడికాయంత అవుతోంది, వాన పైనుంచి కాక ఇసకలోంచి పైకి కురుస్తోంది, ఆ వానలో ఊరి వాళ్ళందరూ పిల్లల్ని నెత్తికెత్తుకుని చేపల సంతకి వెళ్ళినంత నింపాదిగా నడిచిపోతున్నారు.

ఈ కల ఆమెకు కొత్త కాదు. మొగుడు కొర్లయ్య పెద్ద తుఫానులో పోయింది మొదలు, ఆకాశం కాస్త మొహం ముడుచుకుంటే చాలు, కన్ను మూతపడగానే ఇదే గాలి. రేకులు ఎగురుతాయి, పడవలు ఇళ్ళ మీదకి ఎక్కుతాయి, మేడ నడుస్తుంది. అన్నీ వస్తాయి. కొర్లయ్య మాత్రం రాడు.

అతను వచ్చేది లోలాక్షి కలలోకి! లోలాక్షి కొర్లయ్య మేనమామ కూతురు, మొదట అతనికే అనుకున్న పిల్ల. తర్వాత నూతులు తవ్వేవాణ్ణి చేసుకుంది, వాడూ పోయాడు, ఇప్పుడు అదే వీధి చివర ఒంటరిగా ఉంటుంది. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. సముద్రమో దాని తుఫానో తీసుకున్నవాడు ఎవరి కలలోకి వచ్చి ఏది అడిగితే, వాళ్ళే అది ఒడ్డున పెట్టాలి. ఆ మాటకి ఊళ్ళో ఎవరూ అడ్డు చెప్పకూడదు. పెళ్ళామా, పొరుగామా అని పద్ధతి అడగదు. అందుకని ఏటా లోలాక్షి తలంటుకుని, విస్తరాకు పట్టుకుని, ఊరందరి కళ్ళ ముందూ కొర్లయ్యకి అన్నం పెట్టి వస్తుంది. కట్టుకున్నది మాత్రం గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుకుంటుంది. పైగా తుఫాను వెలిశాక శవం దొరికింది ఎక్కడ? లోలాక్షి గుమ్మంలో. ఆ రోజు కాసులమ్మ దాని జుట్టు పట్టుకుంది. మళ్ళీ దానితో మాట్లాడలేదు.

ఇవాళ మేడ నడిచి నడిచి అలిసి ఆమె వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది, వంటింటికి ఇప్పుడు గోడలు లేవు, అటూ ఇటూ సముద్రం నిలువుగా నిలబడి ఉంది, పొయ్యి దగ్గర పీట మీద కొర్లయ్య వల ముందేసుకుని చిరుగులు అల్లుతున్నాడు, దారానికి బదులు వాన చినుకుల్ని లాగి ముడులు వేస్తున్నాడు, అది వింత అని ఆమెకు తోచనే తోచదు.

"ఒలే కాసులూ, ఆ గొంతు కాస్త తగ్గించీ. నీ గాలి దెబ్బకి ఇన్నాళ్ళూ గుమ్మం కాడే నిలబడిపోనాను."

"గుమ్మం కాడ నిలబడ్డం నీకు అలవాటే గదా మావా. ఏ గుమ్మమో ఊరందరికీ తెలుసు."

"అబ్బ! సచ్చినోణ్ణి పట్టుకుని సాధిస్తన్నావేటే?"

"బతికుంటే సాధించకపోదునా? ఆ సుఖం కూడా నేకుండా ఎల్లిపోనావు. దాని కలలోకి మాత్రం దారెలాగ తెలిసింది? దానింట గాలి నేదేటి?"

"నేదే. గుర్రెట్టి పడుకుంటాది. తలుపు తీసున్నాది, ఎల్నాను. నీ నిద్దర్లోకి రాబోతే రేకులు ఎగిరొస్తాయి, కొబ్బరి మట్టలు ఎగిరొస్తాయి, ఆటెనకాల నువ్వు ఎగిరొస్తావు."

నవ్వు వచ్చి, ఆ నవ్వు మీదే కోపం వచ్చి, ఆమె పొయ్యిలో ఉప్పునీళ్ళు పోస్తుంది. పొయ్యి ఆరదు.

"నెత్తళ్ళ పులుసు పెడతాదంట నీకు. నానొండితే ముళ్ళున్నాయని కంచం తోసీవోడివి. దాని చేత్తో అయితే ముళ్ళు మెత్తబడిపోనాయేటి?"

"నానడగనేదే. బాగున్నావా అన్నాను, అంతే. ఆవిడే వండింది, ఆవిడే అట్టుకొచ్చింది. సచ్చినోడు వద్దనగల్డేటి? కాకులు తిన్నాయి."

"కాకులు తిన్నా నీ పేరు మీదే గదా తిన్నాయి!"

కొర్లయ్య ముడి వేయడం ఆపి ఆమెను చూస్తాడు, చూసేసరికి అతని ముఖం పెళ్ళినాటిదవుతుంది, అంతలోనే ముసలిదవుతుంది, అతను ఎప్పుడూ చేరుకోని ముసలితనం అది, ఆ ముసలివాణ్ణి తనకు ఎవరూ ఇవ్వలేదని కాసులమ్మకి ఉక్రోషం వస్తుంది, అప్పుడు ఇన్నేళ్ళూ నమిలి నమిలి మింగలేకపోయిన మాట బయటికి వస్తుంది.

"మమ్మల్ని మేడ కింద వానలో నిలబెట్టి తాళం తెస్తానని ఎల్నావు. దాని గుమ్మంలో ఎందుకు సచ్చినావు?"

"తాళం ఊళ్ళో ఉంటే గదే? షావుకారి మనిషి ఎలమంచిలిలో పెళ్ళికి ఎల్తూ మొలకి కట్టుకుపోనాడు. సర్పంచి తలుపు తీయనేదు. పగలగొడదామంటే గునపం కావాల. వలలున్న ఊరికి గునపాలెక్కడియే? నూతులు తవ్వీవోడి ఇంట ఉంటాదని ఎల్నాను. గునపం అట్టుకుని గుమ్మం దిగతన్నాను. గోడ పడిపోనాది. నా చెయ్యి కింద ఏటున్నాదో ఆనాడు సూసినావు గదా నువ్వు."

చూసింది. ఇసకలో సగం కూరుకుపోయిన ఇనుము, అతని వేళ్ళు దాని చుట్టూ బిగిసి ఉండడం ఆమె తన రెండు కళ్ళతో చూసింది. చూసి, తల పైకెత్తి, గుమ్మం ఎవరిదో చూసింది. ఇక మిగతాదేదీ కనిపించలేదు. మనవాళ్ళకి పట్టిన తెగులే ఇది: తాళం వేసినవాడి గొంతు పట్టుకోవలసిన చెయ్యి పొరుగు ఆడదాని జుట్టులోకి పోతుంది. తాళం వేసినవాడు హాయిగా పడుకుంటాడు.

"అయితే ఇప్పుడడుగు మావా" అంటుంది కాసులమ్మ. గొంతులో ఆశ దాచుకోవడం ఆమెకి రాదు. "నా కల్లోకి వచ్చినావు గదా. ఏటి కావాల? వంజరమా? కోడా? ఈయేడు నానే పెడతాను. అది పక్కన నిలబడి సూడాల."

"ఆ తలుపు తీయించి పెట్టే."

"ఏటీ?"

"అడిగింది పెట్టాల గదా. ఆ మేడ తలుపు తీయించి పెట్టు. మల్లీ వస్తన్నాదే అది, పెద్దదే."

"దాని దగ్గర కూర తింటావు, నన్ను మాత్రం తలుపు అడుగుతావా? నాకెప్పుడూ పనే సెప్తావు నువ్వు!"

"దానికి సెప్తే ఏడుస్తాదే. నువ్వు తిడతావు. ఆ గాలంతా నిద్దర్లో ఎందుకు తగలేస్తన్నావు? ఆళ్ళ మీదికి తోలు!"

ఆమె తిట్టబోతుంది. తిట్టడానికి గాలి లేదు. నిలువుగా నిలబడ్డ సముద్రం నెమ్మదిగా కూర్చుంటోంది, రేకులు ఎక్కడివక్కడ వాలుతున్నాయి, ఒక్క ఆకు కదలడం లేదు, ఆ కదలకపోవడంలో కొర్లయ్య పీట మీద ఉన్నాడో లేడో తెలియడం లేదు, "మావా" అంటే తన గొంతు తనకే మరీ దగ్గరగా వినిపిస్తోంది.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం. తల మీద ఫ్యాను రెక్కలు చివరి చుట్టు తిరిగి ఆగిపోతున్నాయి. తుఫాను వస్తోందని ముందే కరెంటు తీసేశారు. గదిలో గాలి లేదు. బయట ఆటోలో మైకు చెబుతోంది: "తీరప్రాంత ప్రజలు తక్షణమే సురక్షిత భవనాలకు తరలివెళ్ళవలెను." తరలివెళ్ళడానికి ఉన్న ఒక్క భవనానికీ తాళం ఉందని మైకుకి ఎవరూ చెప్పలేదు.

కాసులమ్మ జుట్టు ముడి వేసుకుంటూ వీధి చివరికి నడిచింది. లోలాక్షి చేటలో ఎండుచేపలు ఎత్తుతోంది. వచ్చిందెవరో చూసి చేట అడ్డం పెట్టుకుంది.

"కొట్టనులే, దించు. నా మొగుడు మీ ఇంటికి గునపానికే వచ్చినాడా?"

"మరి దేనికనుకున్నావప్పా? ఆనాడే సెప్పబోతే జుట్టట్టుకున్నావు గదా!"

"తరవాతైనా సెప్పొచ్చు గదే?"

"నువ్వు మొకం సూత్తే గదా సెప్పడానికి."

"సరే. నా కల్లోకి వచ్చినాడు." ఆ మాట అంటుంటే కాసులమ్మ మెడ దానంతట అదే నిటారయింది. "సేనాసేపు కూకున్నాడు. నీ పులుసు కాకులు తిన్నాయంట."

లోలాక్షి ముఖం చిన్నబోయింది. "ఏటడిగినాడు?" అంది మెల్లిగా.

కాసులమ్మ జవాబు ఆమెకి చెప్పలేదు. వీధిలోకి తిరిగి, మైకు ఆటోకి అడ్డంగా నిలబడి, ఇళ్ళలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పింది.

"ఒరే! అందరూ రండ్రా! సముద్రం తీసుకున్నోడు అడిగినాడు, ఊరు కాదనకూడదు. కొర్లయ్య మేడ తలుపు అడిగినాడు. సర్పంచిని నిద్ర లేపండి, లేవకపోతే మంచంతో సహా తెండి. తాళం వచ్చీదాకా ఆగీది నేదు. పగలగొట్టండి. మేత బస్తాలు బయటికి, గుంటలు లోపలికి. రేపు కాదు, సాయంత్రం కాదు. ఇప్పుడే!"