తడిసినా కదలని సిరా

హాంగ్‌జౌలో బొమ్మలకు వెనక కాగితం అంటించే ముసలి గెంగ్ ముందు రువెయ్ తన సిరాబొమ్మ పరిచింది. ఆమె గురువు బొమ్మలకూ అతనే అంటించేవాడు. కొండలుండాల్సిన చోట మేడలూ క్రేన్లూ ఉన్నాయి. మర్నాడే ప్రదర్శన, మళ్లీ గీసే వ్యవధి లేదు.

"ఈకాలం బొమ్మ గదా, సీసా సిరాయే అయ్యుంటది. కాగితం అంటించాలంటే ముందు బొమ్మను తడపాలి, నీళ్లు తగిలితే నీ మేడలన్నీ కారిపోతాయమ్మాయ్!" అన్నాడు గెంగ్.

"సిరా కడ్డీని రాతి మీద రెండు గంటలు నేనే నూరాను. తడుపు తాతా."

"పోతే నన్ననకు మరి."

గెంగ్ తడి కుంచెను బొమ్మంతా లాగాడు. రువెయ్ చూపు తిప్పుకోలేదు. ఒక్క గీతా చెదరలేదు, కుంచెకు నలుపే అంటలేదు.

అతను క్రేన్ల మీదికి వంగి చూశాడు.

"మీ గురువు దేవదారు కొమ్మను ఇట్లాగే గీసేవాడు," అంటూ జిగురు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.