అందరి నోటికీ ఒకే గొట్టం

భోజనాల వేళ దాటేసరికి కంప్యూటర్ తెరమీద మెమరీ వాడకం చూపే గీత మళ్ళీ పైకి పాకడం మొదలుపెట్టింది. ఎలాదియో కళ్ళజోడు ముక్కు కొసకు జార్చుకుని తెరవైపే చూస్తూ కూర్చున్నాడు. పొట్టి మనిషి. బట్టతల. చొక్కా జేబు కింద ఏనాటిదో సిరా మరక. నది ఒడ్డునున్న కొన్సెప్సియోన్ ఊళ్ళో ఈ పత్రిక కాగితం మీద అచ్చయిన రోజుల్లో అచ్చుయంత్రానికి నూనె పెట్టినవాడు, పత్రిక ఇంటర్నెట్‌లోకి ఎక్కాక దాని సర్వర్‌కు కాపలాదారయ్యాడు. పెళ్ళి లేదు, పేచీ లేదు. ఆదివారాలు, రేవులో పడవ నడిపే స్నేహితుడు త్రాంకిలినోతో అతని పడవలో చేపలకు పోవడమే అతనికున్న సరదా.

పాఠకుల వివరాలు బయటి కంపెనీల చేతిలో పడకూడదని, లెక్కలు కట్టే ప్రోగ్రాంను కూడా పత్రికవాళ్ళు సొంత సర్వర్లోనే పెట్టుకున్నారు. ఏ పేజీ ఎప్పుడు చూశారు, ఎక్కణ్ణుంచి, ఏ రకం ఫోనులో, అంతా దాని డేటాబేస్‌లోకి చేరుతుంది. ఈమధ్య ఆ డేటాబేస్‌కు బకాసురుడి ఆకలి పుట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి మెమరీ అంతా మింగి సైటును పడగొడుతోంది. ఎలాదియో దాన్ని ఆపి, మళ్ళీ నడిపించి, ఆ పూటకు గండం గట్టెక్కిస్తున్నాడు.

"దానికీ కునుకు కావాలేమో బాబాయ్," అంది రోసాల్బా. రేవులో దొంగరవాణా గురించి రాసి ఊళ్ళో గగ్గోలు పుట్టించిన విలేకరి ఆమే. "మిట్టమధ్యాహ్నం బూచాడు తిరుగుతాడని మా అమ్మమ్మ గడప దాటనిచ్చేది కాదు. వాడే దూరాడేమో చూడు!"

"ముందు నువ్వు తాగి తెరెరె బుర్ర ఇటివ్వు. కబుర్లకేం తక్కువ లేదు."

తెరెరె తాగే సొరబుర్ర చేతులు మారింది. చన్నీళ్ళలో నానిన ఆకు, ఒకే ఇనుప గొట్టం, అందరి నోళ్ళూ దానికే. గొట్టాన్ని తుడిస్తే పక్కవాణ్ణి అవమానించినట్టే.

గోడమీది పెద్ద తెర పాఠకుల సంఖ్యను క్షణక్షణం చూపిస్తూ మెమరీ తినేస్తోందని అందరి అనుమానం. ఎలాదియో దాన్ని ఆపేశాడు. గీత ఎక్కుతూనే ఉంది. పనికిరాని తాత్కాలిక ఫైళ్ళు ఊడ్చాడు, పరిమితులు బిగించాడు. అయినా ఎక్కుతూనే ఉంది. చివరికి, ఇప్పుడు నిన్నెవరు ఏమడుగుతున్నారని డేటాబేస్‌నే అడిగాడు.

ఒకటే ప్రశ్న. అది తెమలకముందే దాని మీద మళ్ళీ అదే ప్రశ్న. మొదటినుంచీ ఉన్న రాకపోకలన్నీ జల్లెడ పట్టి ఒక్క పేజీనే వెతుకుతోంది: రోసాల్బా రాసిన రేవు కథనం. అదీ బయటికి రాకముందు ఎవరు చూశారని.

ఆ జవాబు ఎలాదియోకు తెలుసు. బయటికి రాకముందు ఆ పేజీ చూసిన బయటివాడు ఒక్కడే. తప్పులుంటే చెప్పమని రోసాల్బా రహస్యంగా పంపింది, చూసింది త్రాంకిలినో. లోగుట్టంతా ఆమెకు చెప్పింది అతనే. ఆ సంగతి ఈ ముగ్గురికి తప్ప నరమానవుడికి తెలియదు.

అడుగుతున్నది ఎవరా అని చూస్తే, పత్రికలో అందరూ వాడే పేరే, అందరి పాస్‌వర్డే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను ఇంట్లోకి పిలిచింది మాత్రం ఎలాదియోనే. కిందటి వారం ప్రకటనలిస్తానంటూ ఒక పెద్దమనిషి వచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఇదే గొట్టంతో తాగి, "మీ పాఠకులెందరో ఓసారి చూడొచ్చా?" అన్నాడు. గొట్టం పంచుకున్నవాడి దగ్గర పాస్‌వర్డ్ దాచడం మర్యాదగా తోచలేదు. చెప్పేశాడు. పత్రిక బయట ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు అతనొక్కడే.

ఇప్పుడు ప్రశ్నను తెంపాడు. పాస్‌వర్డ్ మార్చాడు. ఆ పేజీ తాలూకు గుర్తులన్నీ చెరిపేశాడు. గీత నిట్టనిలువున కిందికి దిగింది.

"అమ్మయ్య, కుదిరింది!" రోసాల్బా చప్పట్లు కొట్టింది. "ఇదేదో ముందే చెయ్యొచ్చుగా బాబాయ్!"

అతను వినిపించుకోలేదు. తెమిలిన ప్రశ్నల్లో వెతికాడు. పొద్దున ఒకదానికి జవాబు వెళ్ళిపోయింది. చూసిన చోటు రేవు, ఫోను రకం, వేళ, అన్నీ కలిపి ఒక్క వరస. త్రాంకిలినోను పట్టించడానికి అది చాలు. అడిగినవాడు జవాబు పట్టుకుని ఎప్పుడో లేచిపోయాడు. వాడు పురమాయించిన యంత్రం మాత్రం ఊరికే అడుగుతూ ఉండిపోయింది.

త్రాంకిలినోకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

వీధిలో ఎండ తప్ప ఎవరూ లేరు. ప్రతి ఇంటి తలుపూ మధ్యాహ్నపు కునుక్కి మూసి ఉంది. కేక వేస్తే పలికే మనిషి లేడు. ఎలాదియోకు పరుగు రాదు, అయినా పరుగెత్తాడు. దేవుడా నావల్ల కాకూడదు, నావల్ల కాకూడదు అనుకుంటూ పోయాడు.

రేవులో బట్టలుతికే ఆవిడ ఒక్కతే ఉంది. త్రాంకిలినో ఏడని అడిగాడు.

"ఇద్దరొచ్చారయ్యా. మర్యాదస్తులే. నీడన కూర్చుని ఆయనతో తెరెరె తాగారు. అవతలి ఒడ్డుకన్నారు, నవ్వుకుంటూ ఎక్కించుకుపోయాడు," అని చెయ్యెత్తి చూపించింది. "పడవొక్కటే కొట్టుకొచ్చింది. ముడి ఊడిందేమో అనుకున్నా."

సాయంత్రానికి త్రాంకిలినోను కింది మలుపు దగ్గర వలలో తీశారు. మునిగిపోయాడని అందరూ అన్నారు. నీళ్ళలో పుట్టి పెరిగినవాడు ఎలా మునిగాడని ఒక్కరూ అడగలేదు. ఎలాదియో ఒక్కడే త్రాంకిలినో గుడిసెకు నడిచాడు.

గుడిసె తలుపు తీసే ఉంది. బల్లమీద ఒక పళ్ళెం, ఈగలు వాలకుండా దానిమీద బోర్లించిన ఇంకో పళ్ళెం. ఎలాదియో పైది ఎత్తి చూశాడు. ఉడకబెట్టిన కర్రపెండలం, వేయించిన చేప, పక్కన చిటికెడు ఉప్పు, పంటి గాట్లు పడిన ఒక్క ముక్క.