దేవవ్వ జరపని మంచం

వాన. దగ్గు. మళ్లీ వాన...

పంతొమ్మిది వందల యాభై ఏడు. ఊరూరా ఫ్లూ జ్వరం. కరీంనగర్ ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు.

దేవవ్వ ఆ వార్డు ఆయా. చదువు రాదు. పొద్దున్నుంచీ తడిగుడ్డతో రోగుల మొహాలు తుడుస్తుంది — మొహం తరువాత మొహం, దగ్గు తరువాత దగ్గు.

మెట్‌పల్లి రైతు సాంబయ్యది పొడిదగ్గు. ఒళ్లంతా విరగ్గొట్టినట్టుందంటాడు. అయినా కిటికీ బయటికే చూస్తుంటాడు, నాట్లు ఏమయ్యాయోనని.

పక్క మంచంలో ఆరేళ్ల పోశవ్వ.

అదే జ్వరం. అదే దగ్గు.

కానీ ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్లు కారుతున్నాయి.

"ఎల్తురు కండ్లల్ల గుచ్చుతుంది, ఆయమ్మా..."

మధ్యాహ్నం ఇంకా రోగులొచ్చారు. మూలగదిలో ఫ్లూ తగ్గుతున్న లస్మవ్వ ఉంది, ఒడిలో ఎనిమిది నెలల బిడ్డతో. పోశవ్వ మంచాన్ని వాళ్ల పక్కకు జరపమన్నాడు డాక్టర్ బాలకిషన్‌రావు.

దేవవ్వ మంచంకోడు పట్టుకుంది.

వదిలేసింది.

డాక్టరు మాట ఆమె ఏనాడూ దాటలేదు. అయినా నోరు విప్పింది.

"సాబ్... గీ పిల్లది సాంబయ్య జరమసొంటిది కాదు. ఆయన ఎల్తురు దిక్కు చూస్తుండు. గీమె కండ్లు దాసుకుంటుంది. నా బిడ్డకు తట్టు పోసినప్పుడు గిట్లనే ఉండె. జర చూడుండ్రి."

డాక్టరు విసుక్కోలేదు. టార్చి వెలిగించి పిల్ల నోట్లోకి చూశాడు. బుగ్గల లోపల — ఉప్పురవ్వల్లా తెల్లని చుక్కలు.

"తట్టే, దేవవ్వా. రేపోమాపో ఒంటి మీద కనబడుతది. మంచిగ చూసినవ్."

పసివాడికి అంటకుండా మంచం వేరే గదికి పోయింది. కిటికీకి దుప్పటి కట్టారు. మూడోనాటికి తట్టు చెవుల వెనక మొదలై ఒళ్లంతా ఎర్రగా పేలింది.

ఈలోగా సాంబయ్య జ్వరం దిగి నాట్లకు పరుగెత్తాడు. లస్మవ్వ బిడ్డనెత్తుకుని ఇంటికి పోయింది. ఆ పసివాడి ఒంటి మీద, తరువాత కూడా, ఒక్క పొక్కు లేదు.

తొమ్మిదోనాడు పోశవ్వ కిటికీ దుప్పటి తనే లాగేసింది.

"ఆకలైతుంది," అంది.

వాళ్లమ్మ ఏడుస్తూ నవ్వింది. దేవవ్వ నవ్వుతూ గంజి కలిపింది.

మరునాడు డాక్టరు గుమ్మంలోనే ఆగాడు. వరండా నిండా కొత్తవాళ్లు. చేతిలోని రోగుల చీటీల కట్ట ఇంకా విప్పలేదు.

"చెప్పు దేవవ్వా. ఇయ్యాల ముందుగాల ఎవరిని చూద్దాం?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. సిగ్గు... లోపలేదో పొంగు...

చాపల మధ్యగా నడిచింది — డాక్టరు కంటే ఒక్క అడుగు ముందు.