ఉయ్యాల బల్ల మీద ఏడు మచ్చలు

గృహప్రవేశానికి ఒక రోజు ముందు, మధ్యాహ్నం పన్నెండు దాటాక, దేవసహాయం ఉయ్యాల బల్లకు రెండోసారి అవిసె నూనె పట్టించాడు. వీధి చివర టీ తాగి, నూనె ఇంకిందో లేదో చూద్దామని తిరిగి వచ్చాడు. హాలు కప్పులో అద్దం బిగించిన గవాచి ఉంది. అందులోంచి దిగిన ఎండ బల్ల మీద పడుతోంది. ఆ ఎండలో బల్ల మీద మచ్చలు కనిపించాయి.

లెక్కపెట్టాడు. ఏడు. వంపు తిరిగి, గుర్రపు నాడా ఆకారంలో ఉన్నాయి.

అవి మేకుల బొక్కలు. ఆ మేకులు పీకింది అతనే. బొక్కల్లో రంపపు పొడి, బంక కలిపి కూరింది అతనే. నూనెకు కట్టె రంగు తిరిగింది, కూరిన చోట తిరగలేదు. నాడా ఎప్పుడో ఊడిపోయి మేకులే మిగిలాయి కాబట్టి, ఏడు మేకులు ఒకే చోట ఎందుకున్నాయని పీకే రోజు అతనికి తోచలేదు. ఇప్పుడు తోచింది. ఇంట్లో గుర్రపు నాడా కొట్టేది ఒక్కచోటే. గడప మీద.

బల్ల పక్కన కింద కూర్చున్నాడు. నేల మీద పరిచినవి కొలిమిగుండ్ల వైపు నుంచి తెచ్చిన నాపరాళ్లు. ఏప్రిల్ ఎండకు కూడా చల్లగా ఉన్నాయి.

అది 2007. ఆ ఇల్లు రమాదేవిది. నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఈ ఇంటి కోసం కొత్తగా ఒక్క చెట్టు కూడా కొట్టకూడదని పట్టు పట్టింది. ప్లైవుడ్ వద్దంది, వార్నిష్ వద్దంది. కిటికీలకు చేనేత తెరలు ఎంచుకుంది. దీపాలకు నల్లమలలో బయ్యమ్మ అనే ఆమె చేత వెదురు బుట్టలు అల్లించి, వాటిలో కరెంటు తక్కువ తాగే బల్బులు పెట్టించింది. ఆమె భర్త విష్ణువర్ధన్‌కు కర్నూలు షోరూములో చూసిన సోఫా కావాలి. పాత కట్టెతో పాటు ఎవరెవరి కష్టాలో ఇంట్లోకి వస్తాయని అతని వైపు బంధువులు అన్నారు. మూడు నెలలు వాదించి ఆమె గెలిచింది. గెలిచాక ఆళ్లగడ్డ వెళ్లి దేవసహాయానికి పని అప్పజెప్పింది.

దేవసహాయం మిషన్ బడిలో వడ్రంగం నేర్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లు ప్లైవుడ్ బీరువాలు చేశాడు. రెండేళ్ల కిందట అది మానేసి, పడగొట్టిన ఇళ్ల కట్టె కొని, ఆ కట్టెతోనే మంచాలు, బల్లలు చేయడం మొదలుపెట్టాడు. పని పెద్దగా రాలేదు. రావలసిన పని ఒకటి ఉంది. రమాదేవి అత్త శ్రీరంగమ్మకు తమ్ముడు కృష్ణస్వామి అహోబిలంలో ఇరవై గదుల లాడ్జి కడుతున్నాడు. అన్ని గదులకూ పాత కట్టె మంచాలు, వెదురు దీపాలు పెట్టిద్దామని అనుకుంటున్నాడు. రేపు ఈ ఇల్లు చూసి మాట చెబుతానన్నాడు. ముఖ్యంగా ఉయ్యాల చూడాలన్నాడు. ఆ పని వస్తే దేవసహాయానికి, అతని దగ్గరున్న నలుగురికి రెండేళ్లు చేతినిండా పని. రాకపోతే మళ్లీ ప్లైవుడ్.

పాత కట్టె వ్యాపారంలో గడప దొరకదు. ఇల్లు పడగొట్టేముందు ఇంటివాళ్లు గడపకు పసుపు కుంకుమ పెట్టి, ముందుగా దాన్ని ఊడదీసుకుంటారు. కొత్త ఇంటికి తీసుకుపోతారు, లేకపోతే ఏట్లో వదులుతారు. అందుకే వచ్చిన లోడులో గడప ఉందా అని ఎవరూ వెతకరు. దేవసహాయమూ వెతకలేదు. కానీ ఈ లోడు చాగలమర్రిది. రోడ్డు వెడల్పులో పోయిన ఇల్లు. ఆ ఇంటివాళ్లు ఊరు వదిలి ఎన్నేళ్లయిందో చెప్పేవాళ్లు లేరు. ఎరువుల గోడౌనుకు అద్దెకు తీసుకున్నవాళ్లు ద్వారబంధమంతా ఆకుపచ్చ రంగు పూశారు. పసుపు పెట్టి దాన్ని ఊడదీసుకునే మనిషి లేకపోయాడు. సామిల్లులో దాన్ని పలకలుగా కోసిన రోజు దేవసహాయం ఇక్కడే, నంద్యాలలోనే, గవాచి చట్రం బిగిస్తున్నాడు.

రూఢి చేసుకోవడానికి ఒక దారి ఉంది. పాత తలుపులు గడపలో తొలిచిన గుంతలో తిరుగుతాయి. గుంతలుండే కొసలను మిల్లువాళ్లు కోసి పారేసి ఉంటారు. ఆ కొసముక్కలు పొయ్యిలోకి పనికొస్తాయని అతనే ఇంటికి చేర్పించాడు.

రెండు గంటల బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాడు. ఇంటి వెనక పేర్చిన ముక్కలు ఒక్కొక్కటే తీసి చూశాడు. భార్య కృపావతి వాకిట్లో నిలబడి, ఏం వెతుకుతున్నావని రెండుసార్లు అడిగింది. అడుగు వరసలో ఒక ముక్క దొరికింది. ఒక వైపు ఆకుపచ్చ రంగు. మధ్యలో పిడికిలి పట్టే గుంత. ఉలితో రంగు గీరాడు. కింద పసుపు ఉంది, గోరు మందాన.

రెండో కొస పొయ్యిలోకి పోయి నాలుగు రోజులైందని కృపావతి చెప్పింది. విషయం విన్నాక ఆమె ముందు వీధి తలుపు మూసింది.

"చెప్పొద్దు," అంది.

"ఎట్లా చెప్పకుండా ఉండేది?"

"నువ్వు చెప్పినావనుకో, తెల్లారేసరికి అహోబిలమంతా ఏమంటారు? కిరస్తానీ మేస్త్రీ గడప కోసి వాళ్ల కిందేసినాడంటారు. తెల్లేక చేసినాడని ఒక్కడూ అనడు."

"చెప్పకుంటే?"

"చెప్పకుంటే అది ఉయ్యాల."

అతని నాయన ఒక రైతు ఇంట్లో ముప్పై ఏళ్లు జీతం చేశాడు. ధాన్యం మూటలు మోసుకొచ్చి గడప ఇవతల దించి, లోపలివాళ్లు వచ్చి తీసుకునేదాకా నిలబడేవాడు. దేవసహాయం ఆ గడపను తాకింది లేదు, దాటింది లేదు. గడప అంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

మర్నాడు ఆ ముక్కను సంచిలో వేసుకుని మొదటి బస్సెక్కాడు. ఎనిమిదికి నంద్యాల చేరాడు. ముహూర్తం పది గంటల ఇరవై నిమిషాలకు. రమాదేవి మేడ మెట్ల మీద మామిడాకులు తుంచుతోంది. అతను ముక్క చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అరగంట చాలు, బల్ల దించేస్తానన్నాడు.

ఆమె గుంతను వేలితో తడిమి చూసింది. తర్వాత హాలు వైపు చూసింది. హాల్లో ఇంకేమీ లేదు. ఉయ్యాల కోసమే గవాచి అక్కడ పెట్టించింది. కుర్చీలు కూడా వేయించలేదు.

"మేస్త్రీ, ఇది టేకు," అంది. "తాను గడపనని టేకుకు తెలుసా?"

"టేకుకు తెల్లేదు మేడం."

"ఉయ్యాల లేకపోతే ఎందుకు లేదని అడుగుతారు. చెబితే, పాత కట్టె వద్దని మేం ముందే అన్లేదా అంటారు. మూడు నెలలు ఇదే మాట మీద కొట్లాడినా. మామయ్య నీకు పని ఇస్తాడా? ఇయ్యడు. ఈ పూట గడవనీ. ఆదివారం వచ్చి దించుకుపో. ఎవ్వరికీ తెలీదు."

"ఈ పూట కూసుంటారు గదా."

"కూర్చుంటే ఏమవుతుంది?"

"మీకు పట్టింపు లేదు మేడం. పట్టింపు ఉండేవాళ్లు కూసుంటారు."

ఆమె మామిడాకుల గంప ఎత్తుకుని లోపలికి పోయింది. అతనికి బల్ల దించమనీ చెప్పలేదు, వెళ్లిపొమ్మనీ చెప్పలేదు. అతను సంచి పట్టుకుని హాల్లోకి వచ్చి, ఉయ్యాల గొలుసుకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కడే నిలబడితే ఎవరూ కూర్చోరని అనుకున్నాడు.

తొమ్మిదింపావుకు జీపు ఆగింది. కృష్ణస్వామి, శ్రీరంగమ్మ దిగారు. కరెంటు అప్పుడే పోయింది. ఇల్లు చీకటి కాలేదు. గవాచి వెలుగు హాలంతా ఉంది. కృష్ణస్వామి తలెత్తి దాన్ని చూసి, తన చిన్నప్పటి మిద్దెలో ఇట్లాంటిదే ఉండేదని, వాన వస్తే దాని మీద బండ మూసేవాళ్లమని చెప్పాడు. వెదురు బుట్టలను వేలితో తట్టి చూశాడు. ఒక్కొక్క గదికి ఎన్ని పడతాయని అడిగాడు. దేవసహాయం రెండని చెప్పాడు.

శ్రీరంగమ్మ ఉయ్యాల దగ్గరికి వచ్చింది.

"ఇదేనా? మా తమ్ముడు దారి పొడుగునా దీని మాటే. జరుగప్పా, నడుము పీకుతాంది, కూసుంటా."

గొలుసు పట్టుకుంది. వంటింటి వాకిట్లో రమాదేవి ఆగింది. దేవసహాయం ఆమె వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కూసోవాకమ్మా," అన్నాడు దేవసహాయం.

"ఏం, విరుగుతాదా? నేనంత బరువున్నానా?"

కృష్ణస్వామి నవ్వాడు.

"విరగదమ్మా. అది గడప."

శ్రీరంగమ్మ గొలుసు వదిలేసింది.

అతను సంచిలోంచి ముక్క తీసి నేల మీద పెట్టాడు. బల్ల మీది ఏడు మచ్చలు చూపించాడు. చాగలమర్రి ఇల్లు, ఆకుపచ్చ రంగు, సామిల్లు, అన్నీ చెప్పాడు. తనకు తెలిసి చేసింది కాదన్న మాట చివర్లో చెప్పాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని కృష్ణస్వామి అడిగాడు. నవ్వు పోయింది.

"నిన్న మధ్యాన్నం సామీ."

"నిన్న తెలిస్తే ఇంతసేపు ఏం చేస్తాండావు?"

"ఆ ముక్క కోసం ఆళ్లగడ్డ పోయినా. అది దొరికేసరికి చీకటి పడింది."

"మేం వచ్చేటప్పటికే ఇక్కడుండావు గదా. ఇంటావిడకు చెప్పలేదా?"

దేవసహాయం నేల చూశాడు. అవునంటే రమాదేవి పట్టుబడుతుంది. కాదంటే అది అబద్ధం, పైగా ఇంత చెప్పాక. కృష్ణస్వామి మళ్లీ అడిగాడు. ఈసారి గొంతు పెంచాడు.

"చెప్పినాడు మామయ్యా," అంది రమాదేవి వంటింటి వాకిట్లోంచి. "నేనే నోరు మూసుకోమన్నా."

శ్రీరంగమ్మ కోడలి వైపు చూసింది. వంగి ముక్కను చేతిలోకి తీసుకుంది, పసుపు ఉన్న వైపు తిప్పింది. దాన్ని పట్టుకునే భోజనాల బల్ల దగ్గరికి నడిచింది. బల్ల మీద చెయ్యి వేసింది.

"ఇది ఏంది?"

"దూలమమ్మా. బేతంచెర్ల మిద్దెది."

"ఆ పీటలు?"

"దంతెలు, దూలాల మీద పరిచేవి. అదే మిద్దెవి."

"పుస్తకాల అర?"

"గాదె తలుపు."

ఆమె గది తర్వాత గది తిరిగింది. అతను వెనకే నడిచాడు. కృష్ణస్వామి అతని వెనక. చెప్పులు పెట్టుకునే అర దగ్గర కూడా ఆగి అడిగింది. అది మెట్ల పలకని చెప్పాడు. విష్ణువర్ధన్ పురోహితుణ్ణి తీసుకుని వచ్చాడు, విషయమేమిటని భార్యను అడిగాడు. ఆమె తర్వాత చెబుతానంది.

చివరి గది శ్రీరంగమ్మ కోసం సర్దిందే. కిటికీకి చేనేత తెర. తలవైపు వెదురు దీపం. మంచం.

"ఇది?"

దేవసహాయం మంచం తలవైపు పలక చూశాడు. డోన్ లోడుది. చిత్రిక పట్టడానికి పలకలుగానే వచ్చింది. అంతకుముందు అది ఏ ఇంట్లో ఏ చోట ఉందో అతనికి తెలియదు. ఆ కట్టె మందం దూలానికీ సరిపోతుంది. దూలం అంటే అక్కడితో అయిపోతుంది. ఆమె అప్పటికే తర్వాతి ప్రశ్న లేనట్టు గుమ్మం వైపు తిరిగింది.

"తెల్లేదమ్మా," అన్నాడు.

"తెలియకుండా చేసినావా?"

"చేసినా. పలకలుగా వచ్చింది. అడిగినవాళ్లు లేరు, నేనూ అడగలేదు."

"తెలియని దాని మీద నేను పండుకోను."

"ఆ పలక తీసేస్తానమ్మా."

ఆమె హాల్లోకి తిరిగి వచ్చి నాపరాతి మీద కూర్చుంది. ఉయ్యాల దించమంది. ముహూర్తానికి అది ఇంట్లో ఉండకూడదంది. ఉయ్యాల బల్లా, మంచం పలకా, ఈ ముక్కా పసుపు రాసి కుందూ ఏట్లో వదలమంది. ఎవరు తీసుకుపోవాలని విష్ణువర్ధన్ అడిగితే, చేసినవాడే అని చెప్పింది.

"కుందూలో నీళ్లు లేవమ్మా," అన్నాడు దేవసహాయం.

"ఉన్న కాడ వదులు."

కృష్ణస్వామి వీధి వాకిట్లో నిలబడి ఉన్నాడు. దేవసహాయం పనిముట్ల సంచి కోసం అటు పోవలసి వచ్చింది. లాడ్జి సంగతి అడగలేదు. అడిగే మొహం లేదు. సంచి ఎత్తుకుని తిరిగేటప్పుడు కృష్ణస్వామి పిలిచాడు.

"మంచం దూలమని చెప్పింటే నమ్మేవాళ్లం."

దేవసహాయం సంచి కింద పెట్టాడు.

"ఇరవై గదులు ఇప్పుడియ్యను. ఒక్క గది చెయ్యి. కట్టె లారీ దిగిన రోజు నాకు ఫోన్ చెయ్యి. నేను వచ్చి చూసినాకనే కొయ్యాల."

"కోసినాక వచ్చే పలకలు కొనను సామీ. అట్లయితే ధర ఎక్కువవుతాది."

"అప్పుడు చూద్దాంలే. ముందు అది దించు."

పది అయింది. పురోహితుడు హాల్లో ముగ్గు వేయడానికి చోటు అడుగుతున్నాడు. దేవసహాయం స్టూలెక్కి మొదటి కొక్కెం విప్పాడు. బల్ల ఒక వైపు ఒరిగింది. రెండో కొక్కెం విప్పితే బరువంతా ఒక్కసారిగా నాపరాతి మీద పడుతుంది. పట్టుకోమని ఎవరినైనా అడగాలి. కొత్త ధోవతి కట్టుకున్న విష్ణువర్ధన్ దాని దగ్గరికి రాలేదు. అడిగేలోపు రమాదేవి పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. బల్ల కింద రెండు చేతులూ పెట్టింది.

"విప్పు మేస్త్రీ," అంది. "పట్టుకున్నా."