వయ్యారిభామ పూత

ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, ఆ కలుపు మొక్కకి వయ్యారిభామ అని పేరు. చిన్నచిన్న తెల్లపూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, చేసేవన్నీ పాడుపనులే. పాలకొల్లు దగ్గర ఓ ఊళ్ళో హైస్కూలు ఆటస్థలమంతా అదే మొలిచింది. జన్మభూమి శ్రమదానంలో పిల్లలచేత పీకించమన్నారు హెడ్మాస్టరు గారు. ఆ పని సైన్సు టీచరు లలితాంబ నెత్తిన పడింది.

ఆవిడ కూతురు శ్రీసుధ అదే బళ్ళో తొమ్మిదో తరగతి. పిల్లకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. "టీచరు గారమ్మాయికి అన్నీ చెల్లుతాయి" అని ఎవరైనా అంటారేమోనని లలితాంబకి మహా భయం. అందుకే బళ్ళో అమ్మా అనకూడదని, అందరిలాగే టీచర్ అనీ అండీ అనీ పిలవాలని రూలు పెట్టింది.

ఆవేళ శ్రీసుధ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"టీచర్, ఈ పూల దగ్గర నాకు ఆయాసం వస్తుందండి. క్లాసులో కూర్చుంటానండి."

పక్కనున్న పిల్లలు ముసిముసిగా నవ్వారు. లలితాంబకి తల కొట్టేసినట్టయింది.

"ఏంటీ వయ్యారాలు? పో, ముందు వరసలో నిలబడు."

పిల్ల వెళ్ళి నిలబడింది. మొక్కలు పీకి దులిపినప్పుడల్లా సన్నటి పొడి లేచింది. ఎండ ముదరకముందే శ్రీసుధ కూలబడిపోయింది. ఛాతీలో పిల్లికూతలు, పెదాలు నీలం.

"టీచర్... ఊపిరాడట్లేదండి" అంది. అప్పుడు కూడా అమ్మా అనలేదు.

ఆటోలో వేసుకుని పాలకొల్లు ఆసుపత్రికి పరిగెత్తారు. పిల్ల కాస్త తేరుకున్నాక డాక్టరు గారు కోప్పడ్డారు.

"ఆ పుప్పొడి పడనివాళ్ళకి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయమ్మా. పూత రాకముందే పీకించాలి. ఉబ్బసం పిల్లని తీసుకెళ్ళి పూత మధ్యలో ఎవరండీ నిలబెట్టింది?"

పుప్పొడి గాల్లో ఎంత దూరం పోతుందో ఏటేటా బోర్డు మీద బొమ్మేసి చెప్పేది లలితాంబే. చెప్పిన నోరు బాగానే ఉంది, చెవికే కన్నబిడ్డ మాట ఎక్కలేదు. నలుగురి మొహాలూ చూసింది గానీ పిల్ల మొహం చూడలేదు. ఎవరి మీదా తొయ్యడానికి లేదు, తప్పంతా తనదే.

మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"తప్పయిపోయిందే తల్లీ."

శ్రీసుధ కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నారు.

"నా వరస సగమే అయిందండి టీచర్" అంది రొప్పుతూ. "మిగతాది రేపు పీకేస్తానండి."

"అమ్మా అనవే" అంటూ లలితాంబ అందరి ముందే భోరుమంది.

శ్రీసుధ హెడ్మాస్టరు గారి వంక చూసి ఊరుకుంది.