గోడ మీది పడగ్గది

రోజూ పొద్దున్నే ఆ అమ్మాయి గ్యాలరీకి వెళ్ళి, చీకటి గదిలో ప్రొజెక్టర్ వేసి, గోడ నిండా అమ్మానాన్నల పడగ్గది వెలిగేదాకా నిలబడేది. అమ్మకి కుడిచెయ్యి పడిపోయాక నాన్నే జడ వేసేవాడు. ఆ వీడియోలో ఉన్నది అంతే. ఓరగా తెరిచిన తలుపు, మంచం అంచున అమ్మ వీపు, పళ్ళ మధ్య రబ్బరుబ్యాండు కరుచుకున్న నాన్న. తెలిస్తే సర్దుకు కూర్చుంటారని, కెమెరాని ముందుగది పుస్తకాల మధ్య దాచి, అడక్కుండానే తీసింది. నిరుడు నాన్న పోయాడు.

జనం బాగానే వస్తున్నారు. వచ్చినప్పుడల్లా బొమ్మలోని నాన్న దువ్వెన ఆపి, వాళ్ళకేసి ఓసారి చూసి, కాలితో తలుపు కాస్త దగ్గరికి నెట్టేవాడు.

"నాన్నగారికి మొహమాటం కాబోలమ్మా," అన్నాడు కాపలాదారు. "నిన్న గుంపు ఎక్కువైంది. ఆయన తలుపు జానెడు నెట్టేశారు."

"సాయంత్రం మ్యూజియం వాళ్ళొస్తున్నారయ్యా. వాళ్ళు ఈ వీడియో కొంటే నేను గట్టెక్కినట్టే. అప్పటిదాకా ఎవర్నీ పంపకు."

అతను కాదనలేక ఓ పెళ్ళిబృందాన్ని లోపలికి వదిలాడు. బొమ్మలో తలుపు పూర్తిగా మూసుకుంది. లోపల గడియ పడింది.

వేరే దారిలేక కూతురు అమ్మకి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పింది. అమ్మ ఆటో దిగి, మెట్లెక్కి, గోడ ముందు నిలబడి ఆయాసం తీర్చుకుంది.

"ఊరందరికీ చూపించడానికి నా వీపే దొరికిందటే?"

"నువ్వు చెప్తే నాన్న వింటాడమ్మా. ఒక్కసారి పిలువు."

"అవసరం నీది. నువ్వే తలుపు కొట్టు. ఇన్నాళ్ళకైనా."

కూతురు గోడ మీద వేళ్ళతో కొట్టింది. చెక్క చప్పుడే వచ్చింది.

"ఎవరూ?" అన్నాడు నాన్న, నోట్లో రబ్బరుబ్యాండుతోనే.

ఆ గొంతు విని అమ్మ గోడకి దగ్గరగా జరిగింది.

"నేనే నాన్నా. తలుపు తీస్తావా?"

"నన్నడుగుతావేం తల్లీ? మీ అమ్మనడుగు."

కూతురు ఇటు తిరిగింది. మ్యూజియం మాట ఎత్తలేదు.

"అమ్మా, చూడొచ్చా?"

"నువ్వయితే చూడు," అంది అమ్మ. "మనమయితే చూద్దాం."

మెట్ల మీద మ్యూజియం వాళ్ళ మాటలు దగ్గరవుతున్నాయి. కాపలాదారు ఎదురెళ్ళి "రండి, రండి" అంటున్నాడు. కూతురు గుమ్మందాకా వెళ్ళింది. వాళ్ళకి నమస్కారం పెట్టింది. తర్వాత చీకటి గది తలుపు లోపల్నుంచి మూసి, గడియ పెట్టింది.

అప్పుడు గోడలో గడియ తీసిన చప్పుడైంది.